ముద్ర విరగని పెట్టె

"నాగభూషణం గార్డు నన్ను దొంగని చేసేశాడు మేడమ్. మా నాన్న చేత భూమి రాయించుకున్నాడు, ఊరుకున్నాను. ఆ కాగితం ఒక్కసారి కూడా ముట్టుకోనివ్వలేదు, దానికీ ఊరుకున్నాను. ఇప్పుడు అదే కాగితం నేను ఎత్తుకుపోయానంట!"

బుధవారీ బజారులో ఒక మేడమీది గదిలో గోవిందరావు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ళ మనిషి. టైర్ల దుకాణంలో ముప్పై అయిదేళ్ళుగా రబ్బరు పూసుకుపోయిన చేతులు. టేబులు మీద పెడితే మరక పడుతుందేమోనని వాటిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఎదురుగా మాధవీలత. రైల్వేలో ఇరవై రెండేళ్ళు క్లెయిముల ఇన్‌స్పెక్టరుగా, దారిలో మాయమైన పార్సిళ్ళని వెతికిన మనిషి. ముందే రిటైరుమెంటు తీసుకుని డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. పాత అలవాటు ఒకటి మాత్రం వదల్లేదు. ప్రతి కేసుకీ ఒక పేజీ, ఆ పేజీకి రెండు గళ్ళు: పోయినది, దొరికినది. అవి నింపే పని రమణబాబుది. ఒకప్పుడు స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసినవాడు. మాధవీలతకి కనబడని తాళంచెవి దేవుడి దగ్గర కూడా ఉండదని అతని నమ్మకం.

"కోపం తర్వాత పడొచ్చు బాబూ. ముందు మొదట్నుంచీ చెప్పండి," అంది మాధవీలత.

గోవిందరావు చెప్పాడు.

హిందీవాళ్ళ ఈ ఊళ్ళో, లోకో కాలనీ వెనక పాత రైల్వే క్వార్టరులో తెలుగువాళ్ళ పఠన మందిరం అరవై ఏళ్ళుగా నడుస్తోంది. క్వార్టరు పాతబడిపోయింది, మార్చి నెలాఖరుకి ఖాళీ చెయ్యాలని నోటీసు వచ్చింది. అప్పట్నుంచి మందిరం నడిపే సంఘం రెండుగా చీలింది. సీపత్ పవర్ ప్లాంటులో పనిచేసి రిటైరయిన చంద్రమౌళి, కొత్త కాంప్లెక్సులో ఒక హాలు తొమ్మిదేళ్ళ లీజుకి తీసుకుందామంటాడు. సంఘం సెక్రటరీ, రిటైర్డు గార్డు నాగభూషణం, సొంతంగా కట్టి తీరాలంటాడు. కట్టడానికి స్థలం ఉంది. తోర్వాలో పన్నెండు డిసిమిల్. డిసిమిలంటే మన సెంటే. గోవిందరావు తండ్రి సింహాచలం, స్టీమింజను ఫైర్‌మన్, 1990లో మందిరానికి ఇచ్చిన స్థలం అది.

"నేను తొమ్మిదో క్లాసు వదిలి టైర్ల షాపులో చేరిందీ ఆ ఏడే మేడమ్. నాన్నకి ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆ ప్లాటు అమ్మి ఉంటే మా ఇంట్లో ఒకడు చదువుకునేవాడు."

"దానపత్రం ఎక్కడ ఉంచుతారు?"

"గార్డుగారు డ్యూటీకి బండిలో తీసుకెళ్ళిన పాత లైను పెట్టెలో. నల్ల ఇనప్పెట్టె. తాళంచెవి దాత ఇంట్లో ఉండాలని రూలు, అంటే నా దగ్గర. తాళం మీద గుడ్డపట్టీ చుట్టి లక్కముద్ర వేస్తారు. ఏడాదికి ఒక్కసారే తెరుస్తాం, దసరాకి, సరస్వతీపూజ నాడు. పోయిన నెల ప్లాను గీయించాలని మీటింగులో తెరిచాం. ముద్ర చెక్కు చెదర్లేదు. నా తాళంచెవితో నేనే తీశాను. కవరు ఉంది. కవర్లో తెల్లకాగితం!"

"ముద్ర వేసే ఇత్తడి బిళ్ళ?"

"మందిరంలో టేబులు సొరుగులో పడుంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు. తాళంచెవి మాత్రం నా ఒక్కడి దగ్గరే. ఇంకేముంది, నేనే తీసి, మళ్ళీ ముద్ర వేసేశానన్నారు."

చదువుకున్నవాళ్ళు తప్పు చేస్తే దానికి పొరపాటని పేరు పెట్టుకుంటారు. చదువు లేనివాడు పక్కన నిలబడి ఉంటే చాలు, దొంగ.

"లీజుకి చెయ్యెత్తారా మీరు?"

"ఎత్తాను. దాచడమెందుకు? అద్దె హాలుకి పోతే ప్లాటు ఖాళీగానే ఉంటుంది కదా, తిరిగి ఇచ్చెయ్యమని అడగొచ్చనుకున్నాను. తోర్వా రోడ్డు మీద టైర్ల షాపు ఎలా నడుస్తుందో మీకు తెలుసు."

"కాగితం మీరు తీశారా?"

"లేదు."

"భూమి కావాలా?"

"కావాలి మేడమ్."

మాధవీలత మొదటిసారి నవ్వింది. గోవిందరావు జేబులోంచి ఒక ఉత్తరం తీశాడు. సంఘం తరఫున నాగభూషణం రాసింది. ఆదివారం ఉదయం పది గంటల లోపల కొత్త దానపత్రం మీద సంతకం చేస్తే సరే, లేకపోతే ఠాణాలో చోరీ కేసు. కొత్త దానపత్రం టైపు చేయించి వెనక జతపరిచారు కూడా. ఆవిడ ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది.

"ఇవాళ శుక్రవారం. రమణబాబూ, స్కూటర్ తియ్యండి."

*

పఠన మందిరం గుమ్మంలోకి అడుగు పెట్టగానే రమణబాబు ఆగిపోయాడు.

వాసన మారలేదు. పాత కాగితం, నాఫ్తలీను ఉండలు, కిటికీలోంచి వచ్చే ఇంజను మసి. మసి పోయి పాతికేళ్ళయినా గోడలు దాన్ని వదల్లేదు. వాల్తేరు నుంచి వచ్చే బండిలో గార్డుబాబులు వారపత్రికల కట్ట తెచ్చి ప్లాట్‌ఫారం మీద పడేస్తే, కట్ట విప్పేలోపు నలుగురు చేతులు పెట్టేవాళ్ళు. మధ్యాహ్నం వంటలయ్యాక క్వార్టర్ల ఆడవాళ్ళు చీరకొంగులో నవలలు చుట్టుకుని వచ్చేవాళ్ళు. చివరి పేజీ ఎవరో చింపేస్తే, కథ ఎలా ముగిసిందో కుళాయి దగ్గర పెద్ద తగువు. నైట్ డ్యూటీ దిగినవాళ్ళు ఆ బెంచీ మీదే పేపరు మొహాన కప్పుకుని నిద్రపోయేవాళ్ళు. ఇప్పుడు బెంచీ ఖాళీ. బీరువాల మీద దుమ్ము.

"చిన్నప్పుడు ఇక్కడే చదివాను మేడమ్," అన్నాడు రమణబాబు మెల్లిగా. "గోవిందు కూడా వచ్చేవాడు. వాళ్ళ నాన్నకి చదువు రాదు. ఈడు పైకి చదివేవాడు, ఆయన ఆ మూల గోడకి ఆనుకుని వినేవాడు. ఒళ్ళంతా బొగ్గు."

లోపల్నుంచి బుజ్జమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. మందిరం ఊడ్చేదీ, దీపం పెట్టేదీ ఆవిడే.

"ఏటి, రమణా! ఇన్నేళ్ళకి దారి తెలిసిందేటి నీకు?"

"డ్యూటీ మీద వచ్చానమ్మా. మేడమ్ ఏవో అడుగుతారు."

మాధవీలత దసరా పూజ సంగతి అడిగింది.

"ఏటుందమ్మా, ఎప్పుడూ జరిగినట్టే. ఇద్దరు మగోళ్ళు పెట్టె మోసుకొచ్చి గుమ్మంలో ఎడతారు. గోయిందు బయట నిలబడే తాళం తీస్తాడు. ఆడు దుకాణంలోంచి తిన్నగా వచ్చెస్తాడు కదా, తానం ఉండదు. అందుకని గార్డుబాబు ఆణ్ణి గుమ్మం దాటనివ్వడు, కాయితం ముట్టుకోనివ్వడు. గార్డుబాబే కవరు తీసుకుని, లోపలికెళ్ళి అమ్మోరి ముందు పీట మీద ఎడతాడు. నాను బొట్టెడతాను. కుంకంలో నువ్వులనూనె కలిపి, వరసగా, ఏడాదికొకటి. పూజవగానే మళ్ళీ పెట్టిలోకే."

"ఎన్ని బొట్లుంటాయమ్మా ఇప్పటికి?"

"పోయిన దసరాది ముప్పై అయిదోది. చూసి కాదమ్మా, తడిమి ఎట్టినాను. అప్పటికి నా కళ్ళల్లో శుక్లాలు. డిసెంబరులో ఆపరేషనైంది. ఇప్పుడు నీ ముక్కుపుడక్కూడా కనబడతంది."

రమణబాబు పూజ అలమారా మీద సరస్వతి పటాన్ని తీసి దుమ్ము దులుపుతున్నాడు. పటం వెనక వేసిన అట్టకాగితం కొత్తది. చెయ్యి జిడ్డుగా తగిలి లుంగీకి తుడుచుకోబోయి, ప్యాంటు వేసుకున్న సంగతి గుర్తొచ్చి ఆగాడు.

"నూనె మరక," అన్నాడు.

"దీపం నూనె ఒలికుంటది," అంది బుజ్జమ్మ. "దసరా ఎల్లగానే గార్డుబాబు దాన్ని ఇంటికట్టుకెళ్ళి బాగుచేసి తెచ్చినాడు. పటానికేటైందో నాకైతే తెలీదు."

మాధవీలత పటాన్ని ఒక క్షణం చూసి, ఉన్నచోటే పెట్టించింది.

అంతలో నాగభూషణం వచ్చాడు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, ఇస్త్రీ చొక్కా, నిటారు నడక. బండి కదిలే ముందు పచ్చజెండా పట్టుకుని నిలబడినట్టే ఇప్పటికీ నిలబడతాడు.

"గోవిందరావు పంపాడా మిమ్మల్ని? మంచి పిల్లాడే, చెడిపోయాడు. రాత్రింబవళ్ళు ఆ ప్లాటు మీదే యావ వాడికి."

"కవరు చూడొచ్చా?"

ఆయన బీరువా తీసి ఇచ్చాడు. పొడుగాటి తెల్లకవరు. మూల మీద ఒక ఎర్రబొట్టు, చుట్టూ నూనె పాకిన వలయం. మాధవీలత దాన్ని బుజ్జమ్మ చేతికిచ్చింది. ముసలామె వెలుతురులోకి పట్టుకుని చూసింది.

"బొట్టు నాదే. ఇదేటి మరి, ఒక్కటే ఉంది? మిగతావేవి?"

"దొంగ కవరు కూడా మార్చాడన్నమాట," అన్నాడు నాగభూషణం వెంటనే.

"కావచ్చు," అంది మాధవీలత. "సార్, కాగితం పోతే రిజిస్ట్రీ ఆఫీసులో నకలు ఇస్తారు కదా. అడిగారా?"

నాగభూషణం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దొంగ కళ్ళముందే ఉంటే నకలెందుకమ్మా?"

*

చంద్రమౌళి కుదుదండ్‌లో ఉంటాడు. టీ ఇప్పించి, అడక్కుండానే లీజు గురించి అరగంట చెప్పాడు.

"కట్టి ఏం చేస్తాం మేడమ్? మా మనవరాలు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది. మనమేదైనా అంటే 'అచ్ఛా తాతా, బాద్ మే' అంటుంది, తర్వాత చూద్దామని. ఇంత కట్టి తాళం వేసుకునేకన్నా, ఓ హాలు, ఓ ఏసీ, నాలుగు కంప్యూటర్లు. పిల్లలు వస్తారు. ఆ నాగభూషణానికి ఇటుకలు కావాలి, ఇటుకల మీద తన పేరు కావాలి."

"ఆ కాగితం పోతే మీకు లాభమే కదా?"

"లాభమే. ఒప్పుకుంటాను. కానీ ఆ ఇనప్పెట్టె కదపాలంటే నా నడుం ఒప్పుకోదు."

రమణబాబు నవ్వు ఆపుకోలేకపోయాడు.

"దసరా పూజకి వెళ్ళారా?"

"వెళ్ళాను. ఫోటోలు తీసి గ్రూపులో కూడా పెట్టాను. ఒక్కడు చూస్తే ఒట్టు!"

ఫోనులో ఫోటోలు చూపించాడు. మాధవీలత రెండింటి దగ్గర ఆగింది. వాటిని పెద్దవి చేసి చూసి, ఫోను రమణబాబు చేతిలో పెట్టింది. అతను చూశాడు. పెట్టె, కవరు, పీట, బుజ్జమ్మ వేలు. అంతకు మించి అతనికి ఏమీ తోచలేదు.

"ఈ రెండూ అచ్చు వేయించండి," అంది ఆవిడ. "పెద్దవిగా."

శనివారం ఆవిడ రిజిస్ట్రీ ఆఫీసులో గడిపింది.

*

ఆదివారం పది గంటలకి మందిరంలో నలభై మంది దాకా పోగయ్యారు. చంద్రమౌళి ముందు కుర్చీలో. నాగభూషణం టేబులు దగ్గర, ఎదురుగా ఇనప్పెట్టె, స్టాంపు కాగితం, పక్కన మూత తీసిన పెన్ను. గోవిందరావు అలవాటుగా గుమ్మం బయటే నిలబడ్డాడు.

"లోపలికి రండి," అంది మాధవీలత.

"స్నానం చెయ్యలేదు మేడమ్."

"ఫరవాలేదు. ఇవాళ పూజ లేదు."

అతను వచ్చి, రమణబాబు పక్కన బెంచీ చివర కూర్చున్నాడు.

మాధవీలత లేచి నిలబడింది. "పార్సిల్ పోయిందంటే క్లెయిములవాళ్ళు మొదట వెతికేది దొంగని కాదు. అది ఏ రెండు స్టేషన్ల మధ్య పోయిందో వెతుకుతారు. ఇక్కడా అంతే. ముద్ర విరగలేదు, తాళంచెవి గోవిందరావు దగ్గర ఉంది, కాబట్టి అతనే తీశాడన్నారు. అంటే దసరా తర్వాత, ఎవరూ లేనప్పుడు పెట్టె తెరిచాడని. సరే. అలా తెరిచి ఈ కవరు పెట్టి ఉంటే, దీని మీద బుజ్జమ్మ గారి బొట్టు ఎలా వచ్చింది? ఆవిడ బొట్టు పెట్టేది పూజలో, పీట మీద. అంటే పూజ జరిగేటప్పటికే పీట మీద ఉన్నది ఈ కొత్త కవరు."

సభలో గుసగుసలు బయల్దేరాయి.

"అయితే పూజకి ముందే మార్చి ఉంటాడు," అన్నాడు నాగభూషణం. గొంతు నిబ్బరంగానే ఉంది. "ఏడాదంతా తాళంచెవి వాడి దగ్గరే కదా."

"నేనూ అదే అనుకున్నాను. చంద్రమౌళి గారి ఫోటోలు చూసేదాకా."

రమణబాబు మొదటి ఫోటో ఎత్తి పట్టుకున్నాడు. గుమ్మంలో పెట్టె అప్పుడే తెరుచుకుంది. తాళంచెవి గోవిందరావు చేతిలో ఉంది. పెట్టె అడుగున పాత కవరు, దాని నిండా వరసలుగా ఎర్రబొట్లు.

"తీసిన టైము తొమ్మిది పన్నెండు," అంది మాధవీలత.

రెండో ఫోటో. పీట మీద కవరు, బుజ్జమ్మ వేలు ఇంకా తగలకముందు. కవరు మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

"తొమ్మిది పదిహేను. గుమ్మం నుంచి పీటకి ఏడడుగులు. మూడు నిమిషాలు. కవరు ఒక్కరి చేతిలోనే ఉంది. గోవిందరావు గుమ్మం దాటలేదు. మీరే దాటనివ్వలేదు, సార్."

నలభై మంది కళ్ళూ ఒకేసారి నాగభూషణం వైపు తిరిగాయి. బుజ్జమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఒలమ్మా, గార్డుబాబూ... నా కళ్ళు కనబడవనేటి?"

ముసలాయన భుజాలు మొదటిసారి వంగాయి.

"ఎందుకు చేశారో నేనే చెప్తాను," అంది మాధవీలత. "కాగితం పోతే ఎవరైనా నకలు అడుగుతారు. మీరు అడగలేదు. నకలు లేదని మీకు తెలుసు కాబట్టి. నిన్న రిజిస్ట్రీలో చూశాను. ఆ దానపత్రం నోటరీ అయింది, రిజిస్టరు మాత్రం కాలేదు. తోర్వా ప్లాటు ఈరోజుకీ సింహాచలం పేరు మీదే ఉంది. అంటే చట్టం ప్రకారం గోవిందరావుది. పోయిన సెప్టెంబరులో ప్లాను కోసం వెళ్ళి మీరు ఇదే తెలుసుకున్నారు, మీ దరఖాస్తు అక్కడే ఉంది. కాగితం బయట పెడితే ఆ సంగతి బయటపడుతుంది. అతని మీద దొంగతనం పడితే, భయపడి కొత్తది రాసిస్తాడు."

గోవిందరావు లేచి నిలబడ్డాడు. ఎటు చూడాలో తెలియనట్టు తన చేతుల వైపే చూసుకున్నాడు.

"అది రాయించిన రోజు నాకు బండి డ్యూటీ ఉంది," అన్నాడు నాగభూషణం. చెప్పేది సభకి కాదు, ఎదురుగా ఉన్న పెట్టెకి. "నోటరీ అయ్యాక, రిజిస్ట్రీ నేను తిరిగొచ్చాక చేద్దాం సింహాచలం అన్నాను. వచ్చాక ఇంకో బండి. తర్వాత వాడు మంచం పట్టాడు. నోటరీ చాలులే అని నేనూ మరిచిపోయాను. ముప్పై నాలుగేళ్ళు నా తప్పుకే హారతి ఇచ్చానని తెలిసి... ఈ వయసులో ఇంతమందికి చెప్పలేకపోయానమ్మా."

"కాగితం కాల్చెయ్యొచ్చు కదా?" అన్నాడు చంద్రమౌళి.

"కాల్చలేరు," అంది మాధవీలత. "అన్ని పూజలు అందుకున్న కాగితం. కొత్త కవరు మీద తన చేత్తో దొంగబొట్లు కూడా పెట్టలేకపోయారు. అక్కడే దొరికిపోయారు. అలాంటి మనిషి ఆ కాగితాన్ని చెప్పుల అలమారాలో దాచరు. రమణబాబూ, మొన్న మీ చేతికి నూనె ఎక్కడ అంటింది?"

రమణబాబుకి అప్పుడు వెలిగింది. ఒక్క ఊపులో వెళ్ళి సరస్వతి పటం తెచ్చి, వెనక అట్టకాగితం విప్పాడు. ముప్పై నాలుగు బొట్ల కవరు, నూనె ఇంకి గాజులా పారదర్శకంగా మారి, అక్కడ ఉంది.

మాధవీలత దాన్ని తెరవలేదు. గోవిందరావుకి అందించింది. అతను చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. తుడిచినా పోయే నలుపు కాదది.

కవరులోంచి కాగితం తీశాడు. పైన హిందీలో టైపు చేసిన పేజీ. కింద సింహాచలం వేలిముద్ర. దానికి పైన, గార్డు చేతిరాతతో తెలుగులో నాలుగు వరసలు.

"చదవరా," అన్నాడు నాగభూషణం. "మీ నాన్న చెప్తుంటే నేను రాశాను. హిందీలో ఉంటే చాలదు, మన మాటలో కూడా ఉండాలన్నాడు."

గోవిందరావు మెల్లిగా పైకి చదివాడు. ముప్పై అయిదేళ్ళ తర్వాత, అదే గదిలో.

"నాకు చదువు లేదు. ఇంజను మోతకి చెవి కూడా సగమే పని చేస్తది. అయినా నా కొడుకు గోయిందు ఈ గదిలో చదివితే ప్రతి ముక్కా వినబడింది. నా చోటు ఇక్కడ గోడ పక్కన. రేపు గోడ మారినా ఆ చోటు ఉండాలని ఈ భూమి ఇస్తన్నాను."

అతను మూల గోడ వైపు చూశాడు. మనిషి తల ఆనిన ఎత్తులో అక్కడ సున్నం ఇప్పటికీ నల్లగా ఉంది. ఎన్నిసార్లు వెల్లవేసినా ఆ మచ్చ పైకి వచ్చేది.

చంద్రమౌళి గొంతు సవరించుకున్నాడు. "గోవిందరావ్, భూమి నీది. ఎవరూ అడగరు. హాలు లీజుకి నేను మాట్లాడతాను."

"తొమ్మిదేళ్ళ తర్వాత హాలు వాళ్ళు పొమ్మంటే ఈ గోడ ఎక్కడికెళ్తుందండీ?" అన్నాడు గోవిందరావు. కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నాగభూషణం ముందున్న స్టాంపు కాగితాన్ని అడ్డంగా, నిలువుగా చింపాడు.

"బెదిరిస్తే ఇచ్చేది కాదిది. రేపు నేనే వెళ్ళి రిజిస్టరు చేయిస్తాను. కానీ రోడ్డు పక్కన అర డిసిమిల్ నాకు ఉంచుకుంటాను. గాలి మిషను పెట్టుకోవాలి. నేను మా నాన్నంత మంచివాణ్ణి కాను. ఇంకో మాట. ఈ దసరాకి దుకాణంలోంచి తిన్నగా వస్తాను, స్నానం చెయ్యను. కాగితం నేనే పీట మీద పెడతాను."

"చేతులన్నా కడుక్కోరా నాయినా," అంది బుజ్జమ్మ.

"కడుక్కుంటాలే."

నాగభూషణం లేచి ఏదో చెప్పబోయాడు. గోవిందరావు ఆయన వైపు చూడకుండానే బయటికి నడిచాడు. క్షమించాడో లేదో ఆ రోజు ఎవరికీ తెలియలేదు. తర్వాతా తెలియలేదు.

సోమవారం సాయంత్రం, గోవిందరావు రాసిచ్చిన కొత్త దానపత్రానికి సాక్షి సంతకం చేసి రిజిస్ట్రీ ఆఫీసు నుంచి వచ్చి, రమణబాబు కేసు పేజీ తెరిచాడు. దొరికినది అన్న గడిలో రాశాడు: దానపత్రం ఒకటి, బొట్లు ముప్పై నాలుగు. పోయినది అన్న గడి దగ్గర పెన్ను ఆపి మాధవీలత వైపు చూశాడు.

"ఉన్నదే రాయండి," అంది ఆవిడ.

రాశాడు. గోవిందరావు, తండ్రి సింహాచలం, తోర్వా. పదకొండున్నర డిసిమిల్.